అలల రాకను ముందుగా తెలుసుకోవడం: అరుగం బే తీరం ఉదాహరణగా

పరిచయం

ఎండ బాగా కాస్తున్న రోజు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి కూడా అంతగా లేదు. మీరు కుటుంబంతో కలిసి సముద్రతీరానికి వెళ్లారు. అలలు చిన్నవిగానే ఉన్నాయి. ధైర్యంగా మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డారు. పది నిమిషాలు ఏమీ జరగలేదు. అంతలో ఒకదాని వెనుక ఒకటిగా నాలుగైదు పెద్ద అలలు వచ్చిపడ్డాయి. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. తుఫాను లేదు, వాన లేదు. మరి ఈ అలలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇది కేవలం పాఠం కోసం వేసిన ప్రశ్న కాదు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి మరణించారు. ఆ రోజులలో దక్షిణ తీరానికి పెద్ద అలలు వస్తాయని హెచ్చరిక ముందే వెలువడింది. హెచ్చరికను తయారుచేయడం ఒక పని. అది తీరంలో నిలబడిన మనిషికి అర్థం కావడం మరొక పని. ఆ రెండో పనికి మిమ్మల్ని సిద్ధం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

అలల సూచనను అందరికంటే శ్రద్ధగా చదివేవారు ఇద్దరు. ఒకరు చేపల వేటకు వెళ్లే మత్స్యకారులు. మరొకరు పలకపై నిలబడి అలల మీద జారే సర్ఫింగ్ క్రీడాకారులు. మొదటివారు పెద్ద అలలను తప్పించుకోవడానికి చదువుతారు. రెండోవారు వాటిని వెతుక్కుంటూ చదువుతారు. ఇద్దరూ చూసేవి అవే అంకెలు. ఈ పాఠంలో సర్ఫింగ్‌కు పేరుపొందిన ఒక తీరాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ అంకెలను చదవడం నేర్చుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
1. సముద్రపు అలలు ఎక్కడ, ఎట్లా పుడతాయో వివరించగలుగుతారు.
2. అల ఎత్తు, ఆవర్తన కాలం, దిశ అనే మాటలకు అర్థం చెప్పగలుగుతారు.
3. దూరపు అలలు తీరం చేరడానికి పట్టే సమయాన్ని లెక్కకట్టగలుగుతారు.
4. సముద్రపు అడుగు ఆకారాన్నిబట్టి అల విరిగే తీరు ఎట్లా మారుతుందో చెప్పగలుగుతారు.
5. అలల సూచనను చదివి, తగిన జాగ్రత్తలు తీసుకోగలుగుతారు.

1. అరుగం బే ఎక్కడ ఉంది?

మీ దగ్గర పటం ఉంటే శ్రీలంకను చూడండి. ఆ ద్వీపానికి తూర్పు తీరంలో, కొంచెం దక్షిణంగా, అంపార జిల్లాలో పొత్తువిల్ అనే ఊరు ఉంది. దానిని ఆనుకొని ఉన్న చిన్న అఖాతమే అరుగం బే. ఇది భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడివారికి చేపల వేట పాత వృత్తి. ఇటీవలి దశాబ్దాలలో సర్ఫింగ్ కోసం వచ్చే యాత్రికులు మరొక ఆదాయ వనరు అయ్యారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో ఈ ప్రాంతం బాగా దెబ్బతిని, మళ్లీ కోలుకొంది.

అఖాతానికి దక్షిణపు కొసన నేల ముక్కులాగా సముద్రంలోకి పొడుచుకువచ్చింది. ఇటువంటి కొసను భూగోళ శాస్త్రంలో అగ్రం అంటాం. ఆ అగ్రం దగ్గర నీటి అడుగున రాయి, పగడపు రాయి పలకలుగా పరచుకొని ఉంటాయి. దక్షిణం నుంచి వచ్చిన అల ఈ కొస దగ్గర విరగడం మొదలై, అఖాతం లోపలికి వరసగా విరుగుతూ పోతుంది. ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూసేవారికి అది కుడి నుంచి ఎడమకు విరుగుతున్నట్లు కనిపిస్తుంది.

ఇక్కడ మంచి అలలు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు వస్తాయి. ఈ నెలలే ఎందుకు? దీనికి సమాధానం శ్రీలంకలో లేదు. అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో ఉంది.

2. అలలు ఎక్కడ పుడతాయి?

పళ్లెంలో నీళ్లు పోసి మెల్లగా ఊదండి. నీటిపై చిన్న ముడతలు లేస్తాయి. గట్టిగా ఊదితే ముడతలు పెద్దవవుతాయి. సముద్రంలో జరిగేదీ ఇదే. అల ఎంత పెద్దది అవుతుందన్నది మూడు విషయాలపై ఆధారపడుతుంది.

(అ) గాలి వేగం
(ఆ) గాలి ఎంతసేపు వీచింది
(ఇ) అడ్డు లేకుండా ఎంత దూరం నీటిపై వీచింది

ఈ మూడూ పుష్కలంగా దొరికే చోటు దక్షిణార్ధగోళంలో ఉంది. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటిన తరవాత భూభాగం చాలా తక్కువ. పడమటి గాలులకు అక్కడ పెద్దగా అడ్డు ఉండదు. నావికులు ఆ ప్రాంతాన్ని 'గర్జించే నలభైలు' అని పిలిచేవారు. మనకు ఎండలు, వానలు ఉండే మే నుంచి ఆగస్టు వరకు అక్కడ చలికాలం. చలికాలంలో అక్కడి తుఫానులు మరింత బలంగా ఉంటాయి. అరుగం బేకు ఆ నెలల్లోనే ఎక్కువగా అలలు రావడానికి ఇది ముఖ్య కారణం.

తుఫాను గాలి కింద అలలు చిందరవందరగా ఉంటాయి. తుఫాను ప్రాంతాన్ని దాటి బయటికి వచ్చిన అలలు క్రమంగా సర్దుకొని, పొడవాటి వరసలుగా ప్రయాణిస్తాయి. ఇట్లా గాలిని వదిలి దూరం ప్రయాణించే అలలను స్వెల్ అంటారు. ఈ పాఠంలో మనం వాటిని 'దూరపు అలలు' అందాం. మీ దగ్గరి గాలి వల్ల అప్పటికప్పుడు లేచేవి 'గాలి అలలు'. ఈ రెండింటి తేడా గుర్తుంచుకోండి. ఈ పాఠానికి ఇదే కీలకం.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. దక్షిణ సముద్రంలోని నీరే శ్రీలంక దాకా వస్తుందా? రాదు. ఒక తాడు కొసను పట్టుకొని విదిలిస్తే వంపు ఆ కొస దాకా పోతుంది కాని తాడు మీ చేతిలోనే ఉంటుంది. అదేవిధంగా అలలో ప్రయాణించేది శక్తి. నీరు ఉన్నచోటనే లేచి, దిగి, గుండ్రంగా తిరుగుతుంది.

పాఠగత ప్రశ్నలు 1

1. అల పెరుగుదలను నిర్ణయించే మూడు విషయాలు ఏవి?
2. గాలి అలలకు, దూరపు అలలకు తేడా ఏమిటి?
3. 'అలతోపాటు నీరు కూడా వేల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది.' ఈ వాక్యం సరైనదా, కాదా?

3. దూరపు అలల ప్రయాణం

అల పైభాగాన్ని శృంగం అనీ, కింది భాగాన్ని ద్రోణి అనీ అంటారు. ద్రోణి నుంచి శృంగం వరకు ఉండే నిలువు దూరం అల ఎత్తు. ఒక శృంగం మీ ముందు నుంచి దాటిన తరవాత, రెండో శృంగం రావడానికి పట్టే సమయాన్ని ఆవర్తన కాలం అంటారు. దీనిని సెకన్లలో చెబుతారు.

చాలామంది అల ఎత్తును మాత్రమే చూస్తారు. ఆవర్తన కాలాన్ని వదిలివేస్తారు. నిజానికి ఎక్కువ కబుర్లు చెప్పేది ఆవర్తన కాలమే. గాలి అలలకు ఇది సాధారణంగా 4 నుంచి 8 సెకన్లు ఉంటుంది. దూరపు తుఫాను నుంచి వచ్చిన అలలకు 12, 15, ఒక్కోసారి 18 సెకన్లకు పైగా ఉంటుంది.

ఆవర్తన కాలం ఎక్కువైనకొద్దీ అలలు వేగంగా ప్రయాణిస్తాయి. లోతైన సముద్రంలో అలల గుంపు వేగాన్ని ఈ సులభ సూత్రంతో కనుక్కోవచ్చు.

అలల గుంపు వేగం (గంటకు కి.మీ.) = ఆవర్తన కాలం (సెకన్లు) × 2.8

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 45 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, అరుగం బేకు సరిగ్గా దక్షిణంగా ఒక తుఫాను లేచిందనుకోండి. అరుగం బే 7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. రెండింటి మధ్య 52 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున దూరం సుమారు 5,800 కి.మీ.

16 సెకన్ల అలలు: వేగం 16 × 2.8 = సుమారు 45 కి.మీ. పట్టే సమయం 5,800 ÷ 45 = సుమారు 129 గంటలు. అంటే 5 రోజుల 9 గంటలు.

10 సెకన్ల అలలు: వేగం 10 × 2.8 = 28 కి.మీ. పట్టే సమయం 5,800 ÷ 28 = సుమారు 207 గంటలు. అంటే 8 రోజుల 15 గంటలు.

ఒకే ఊరి నుంచి ఒకే వేళకు లారీ, సైకిలు, నడిచే మనిషి బయలుదేరితే ముందు లారీ, తరవాత సైకిలు, చివరికి మనిషి చేరతారు. అలలూ అంతే. ఒకే తుఫానులో పుట్టినా ఎక్కువ ఆవర్తన కాలం ఉన్నవి ముందు చేరతాయి. కాబట్టి ఒక తీరంలో ఆవర్తన కాలం ఒక్కసారిగా పెరిగిందంటే, దూరాన లేచిన ఒక తుఫాను తాలూకు మొదటి అలలు వచ్చాయని అర్థం. అసలు పెద్ద అలలు వాటి వెనుక వస్తాయి.

దారిలో అలలు విశాలంగా పరచుకుంటాయి. అందువల్ల తుఫాను దగ్గర 10 మీటర్లున్న అల వేల కిలోమీటర్లు దాటేసరికి ఒకటి, రెండు మీటర్లకు తగ్గవచ్చు. అయినా దానిని తక్కువగా అంచనా వేయకూడదు. ఎత్తు సమానమైనప్పుడు 16 సెకన్ల అల, 8 సెకన్ల అలకంటే రెట్టింపు శక్తిని తీరానికి మోసుకువస్తుంది.

మరొక విషయం. సూచనలో ఇచ్చే అల ఎత్తు అన్ని అలల ఎత్తు కాదు. వచ్చే అలలలో పెద్దవైన మూడోవంతు అలల సగటు అది. కొన్ని అలలు అంతకంటే చిన్నవి. అప్పుడప్పుడు ఒకటి దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు. '1.5 మీటర్లు' అని చదివినప్పుడు మధ్యలో 3 మీటర్ల అల కూడా రావచ్చని గ్రహించాలి.

పాఠగత ప్రశ్నలు 2

1. తుఫాను తీరానికి 3,920 కి.మీ. దూరంలో ఉంది. 14 సెకన్ల అలలు తీరం చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది?
2. 9 సెకన్ల అలలు, 17 సెకన్ల అలలు ఒకే తుఫానులో పుట్టాయి. ఏవి ముందుగా చేరతాయి?

4. అల ఎక్కడ, ఎట్లా విరుగుతుంది?

లోతైన నీటిలో అల విరగకుండా సాఫీగా పోతుంది. తీరం దగ్గరికి వచ్చేసరికి దాని అడుగు భాగానికి నేల తగులుతుంది. 16 సెకన్ల అలకు సుమారు 200 మీటర్ల లోతు నుంచే నేల తగలడం మొదలవుతుంది. 8 సెకన్ల అలకు 50 మీటర్ల లోతు వచ్చేదాకా తగలదు. నేల తగిలాక అల నెమ్మదిస్తుంది. వెనుక వచ్చే అల దగ్గరవుతుంది. అల ఎత్తు పెరుగుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు, పైభాగం నిలవలేక ముందుకు పడిపోతుంది. దీనినే అల విరగడం అంటాం. 1.5 మీటర్ల అల సుమారు 2 మీటర్ల లోతులో విరుగుతుంది.

విరిగే తీరు అడుగు ఆకారాన్నిబట్టి ఉంటుంది. సర్ఫింగ్ చేసేవారు తీరాలను మూడు రకాలుగా చెబుతారు.

(అ) బీచ్ బ్రేక్: అడుగున ఇసుక ఉంటుంది. ఇసుక దిబ్బలు ఒకచోట నిలవవు. అందువల్ల అల విరిగే చోటు కూడా మారుతూ ఉంటుంది. మన కోస్తాలోని ఇసుక తీరాలు ఎక్కువగా ఈ రకానివే.

(ఆ) రీఫ్ బ్రేక్: అడుగున పగడపు దిబ్బ గాని రాతి పలక గాని ఉంటుంది. మాల్దీవులలో ఇటువంటివి ఎక్కువ. అక్కడ లోతైన సముద్రం నుంచి అల ఒక్కసారిగా నిస్సారమైన పగడపు దిబ్బ మీదికి వస్తుంది. నెమ్మదించడానికి తగినంత దూరం ఉండదు. అందువల్ల బలంగా, నిటారుగా లేచి విరుగుతుంది. అడుగు కదలదు కాబట్టి అల రోజూ దాదాపు ఒకేచోట విరుగుతుంది. పడినవారికి తగిలేది మాత్రం ఇసుక కాదు, పదునైన రాయి.

(ఇ) పాయింట్ బ్రేక్: అల ఒక అగ్రాన్ని చుట్టి లోపలికి వంగుతుంది. అల వరసలో లోతు తక్కువ ఉన్న వైపు నెమ్మదిస్తుంది. లోతు ఎక్కువ ఉన్న వైపు వేగంగానే పోతుంది. అందువల్ల వరస మొత్తం వంగుతుంది. దీనిని వక్రీభవనం అంటారు. సైనికుల వరస మలుపు తిరిగేటప్పుడు లోపలివాడు చిన్న అడుగులు, బయటివాడు పెద్ద అడుగులు వేయడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. వంగిన అల ఒకేసారి అంతా విరగదు. కొస నుంచి మొదలై వరసగా విరుగుతుంది.

అరుగం బేలోని ప్రధాన అగ్రం దగ్గర రెండో, మూడో రకాలు కలిసి ఉన్నాయి. అడుగు గట్టి రాయి, ఆకారం అగ్రం. దక్షిణపు అలలకు ఇది సరిగ్గా ఎదురుపడుతుంది. అలల దిశ మారితే ఎత్తు ఎంత ఉన్నా ఇక్కడ ఫలితం తగ్గవచ్చు. కాబట్టి ఎత్తు, ఆవర్తన కాలంతోపాటు దిశను కూడా చూడాలి.

5. గాలి, ఆటుపోట్లు

దూరపు అలలను తెచ్చేది దూరపు గాలి. అవి తీరం చేరాక వాటిని నున్నగా ఉంచేదీ, చెడగొట్టేదీ దగ్గరి గాలి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు శ్రీలంకపై నైరుతి రుతుపవనాలు వీస్తాయి. అవి ద్వీపం పడమటి వైపున, కొండలపైన వానలు కురిపించి, పొడిగా తూర్పు వైపుకు దిగుతాయి. అరుగం బేలో ఆ గాలి నేల మీదుగా సముద్రం వైపు వీస్తుంది. అలకు ఎదురు వీచే గాలి దాని ముఖాన్ని నిలబెట్టి, నున్నగా ఉంచుతుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కుతుంది. అప్పుడు సముద్ర పవనం మొదలై నీటిని చిందరవందర చేస్తుంది. అందుకే అక్కడ తెల్లవారుజామున సముద్రం నున్నగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలి, వాన తూర్పు తీరంవైపు తిరుగుతాయి. అప్పుడు సర్ఫింగ్ క్రీడాకారులు ద్వీపానికి నైరుతి తీరంలోని హిక్కడువ, వెలిగామ వంటి చోట్లకు వెళతారు.

గాలి పేరు విషయంలో జాగ్రత్త అవసరం. 'పడమటి గాలి' అంటే పడమర నుంచి వచ్చే గాలి. అలలకూ ఇదే పద్ధతి. 'దక్షిణపు అల' దక్షిణం నుంచి వస్తుంది.

ఇక ఆటుపోట్లు. శ్రీలంకలో పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టం తేడా ఒక మీటరు కంటే తక్కువ. అయినా రాతి పలక మీద నీరు రెండు మీటర్లే ఉన్నచోట అరమీటరు తేడా కూడా చిన్నది కాదు. పాటు సమయంలో అల త్వరగా విరుగుతుంది. రాయి పైకి దగ్గరవుతుంది.

6. సూచనను చదివే పద్ధతి

కింది సూచన అభ్యాసం కోసం ఈ పాఠానికి తయారుచేసినది. జూలై నెలలో అరుగం బేకు ఇటువంటి సూచన వచ్చిందనుకోండి.

సోమవారం: అల ఎత్తు 1.0 మీ.; ఆవర్తన కాలం 9 సె.; దిశ దక్షిణం; ఉదయం పడమటి గాలి 10 కి.మీ.
మంగళవారం: అల ఎత్తు 1.0 మీ.; ఆవర్తన కాలం 18 సె.; దిశ దక్షిణం; ఉదయం పడమటి గాలి 10 కి.మీ.
బుధవారం: అల ఎత్తు 1.8 మీ.; ఆవర్తన కాలం 15 సె.; దిశ దక్షిణం; ఉదయం పడమటి గాలి 10 కి.మీ.
గురువారం: అల ఎత్తు 1.6 మీ.; ఆవర్తన కాలం 13 సె.; దిశ దక్షిణం; ఉదయం నుంచే ఆగ్నేయపు గాలి 30 కి.మీ.

సోమవారం సాధారణమైన రోజు. చిన్న అలలు, తక్కువ శక్తి. నేర్చుకునేవారికి అనువైనది.

మంగళవారం ఎత్తు మారలేదు. అందువల్ల చాలామంది 'నిన్నటిలాగే ఉంది' అనుకుంటారు. మీరు మాత్రం ఆవర్తన కాలం చూడండి. 9 నుంచి 18కి పెరిగింది. అంటే దూరపు తుఫాను తాలూకు మొదటి అలలు చేరాయి. ఇవి గుంపులుగా వస్తాయి. ఒక గుంపుకు మరొక గుంపుకు మధ్య చాలాసేపు నీరు ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతతను చూసి లోపలికి దిగినవారే ప్రమాదంలో పడతారు. నాలుగు రోజులలో తెలియనివారికి ఎక్కువ మోసకరమైనది మంగళవారమే.

బుధవారం తుఫాను అలలు పూర్తిగా వచ్చాయి. దిశ బాగుంది. గాలి నేల వైపు నుంచి వీస్తోంది. అనుభవం ఉన్న సర్ఫింగ్ క్రీడాకారులకు ఇది మంచి రోజు. అప్పుడప్పుడు 3.5 మీటర్ల అల రావచ్చు కాబట్టి నేర్చుకునేవారు, ఈతగాళ్లు నీటిలో దిగకూడదు. చిన్న పడవలవారు కూడా ఆగడం మంచిది.

గురువారం అలలు తగ్గుతున్నాయి కాని గాలి సముద్రం నుంచి వీస్తోంది. నీరు చిందరవందరగా ఉంటుంది. సర్ఫింగ్‌కు పనికిరాదు. ప్రమాదం మాత్రం తగ్గలేదు.

సూచనకు పరిమితులు ఉన్నాయి. ఉపగ్రహాలు, సముద్రంలో తేలే బోయాలు పంపే కొలతలను, గాలి అంచనాలను కంప్యూటరుకు ఇచ్చి దీనిని తయారుచేస్తారు. రెండు మూడు రోజుల సూచనను నమ్మినట్లుగా వారం తరవాతి సూచనను నమ్మలేం. పైగా సూచన లోతైన నీటికి సంబంధించినది. మీ ఊరి తీరంలో అది ఎట్లా విరుగుతుందో అక్కడి మత్స్యకారులకు, గజ ఈతగాళ్లకు ఎక్కువ తెలుసు. అంకెలు చదవండి, వారినీ అడగండి.

పాఠగత ప్రశ్నలు 3

1. పాయింట్ బ్రేక్‌లో అల వంగడానికి కారణమేమిటి?
2. పై సూచనలో మంగళవారం ఎందుకు మోసకరమైనది?
3. 'ఆగ్నేయపు గాలి' ఏ దిక్కు నుంచి వీస్తుంది?

7. మన తీరానికి దీనితో సంబంధం ఏమిటి?

పటంలో అరుగం బే నుంచి ఉత్తరంగా చూపు పోనివ్వండి. బంగాళాఖాతం దాటితే మన విశాఖపట్నం కనిపిస్తుంది. రెండింటి మధ్య దూరం సుమారు 1,200 కి.మీ. దక్షిణం నుంచి వచ్చే అలలకు ఈ దారిలో అడ్డు లేదు. గంటకు 45 కి.మీ. వేగంతో వచ్చే 16 సెకన్ల అలలు అరుగం బేను దాటిన తరవాత 27 గంటలలో విశాఖ చేరగలవు. అక్కడ మంగళవారం ఉదయం చూసినది ఇక్కడ బుధవారం కనిపించవచ్చు. గర్జించే నలభైలలో లేచిన గాలి మన ఒడ్డున కట్టిన పడవను కదిలిస్తుందన్న మాట.

కేరళ తీరంలో ఇటువంటి అలలకు ఒక పేరు ఉంది. ఏ గాలీ వానా లేకుండా సముద్రం ఇళ్లలోకి పొంగినప్పుడు అక్కడి మత్స్యకారులు దానిని 'కల్లక్కడల్' అంటారు. దొంగలాగా వచ్చే సముద్రం అని అర్థం. 2012లో యునెస్కో ఈ మాటను శాస్త్ర వ్యవహారంలో వాడటానికి ఆమోదించింది. చదువుకున్నవారు పేరు పెట్టకముందే, అనుభవం ఉన్నవారు సరైన పేరు పెట్టారు.

మన దేశంలో అలల సూచనలు ఇచ్చే సంస్థ భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. దీనిని ఇన్‌కాయిస్ అని పిలుస్తారు. 1999లో ఏర్పడిన ఈ కేంద్రం సముద్రమే కనిపించని హైదరాబాదులో ఉంది. అలలు పుట్టేది కూడా తీరంలో కాదు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. 2007 నుంచి ఇక్కడే సునామీ హెచ్చరిక కేంద్రం కూడా పనిచేస్తోంది. దూరపు అలల పొంగు గురించి ప్రత్యేకంగా హెచ్చరించే వ్యవస్థను 2020లో ప్రారంభించారు.

సునామీని, దూరపు అలలను ఒకటిగా భావించకూడదు. సునామీ సముద్రపు అడుగు కదలడంవల్ల పుడుతుంది. దాని ఆవర్తన కాలం నిమిషాలలో ఉంటుంది. దూరపు అలలు గాలివల్ల పుడతాయి. వాటి ఆవర్తన కాలం సెకన్లలో ఉంటుంది.

8. తీరంలో పాటించవలసిన జాగ్రత్తలు

1. బయలుదేరేముందు రేడియో, టెలివిజన్, ఫోను ద్వారా అలల హెచ్చరిక ఉందేమో తెలుసుకోండి. ఆకాశం నిర్మలంగా ఉందని హెచ్చరికను తోసిపుచ్చకండి.
2. నీటిలో దిగేముందు ఒడ్డున పదిహేను, ఇరవై నిమిషాలు నిలబడి చూడండి. పెద్ద అలల గుంపు ఎంతసేపటికి వస్తోందో గమనించండి.
3. శృంగానికి, శృంగానికి మధ్య సమయాన్ని గడియారంతో లెక్కపెట్టండి. అది 12 సెకన్లు దాటితే లోపలికి వెళ్లకండి.
4. తడిసి ఉన్న రాళ్లపై నిలబడకండి. తడి ఉందంటే అల అక్కడిదాకా వచ్చిందని అర్థం.
5. విరిగిన అలల నీరు ఒకచోట చేరి తిరిగి సముద్రంలోకి బలంగా లాగుతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. అలసిపోతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఈత రానివారు తేలడానికి ప్రయత్నిస్తూ చేయి ఎత్తి సహాయం కోరాలి.
6. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే నీటిలో దూకకండి. తాడు, ఖాళీ డబ్బా, గాలి నింపిన ట్యూబు వంటి తేలే వస్తువును విసరండి. కేకలు వేసి గజ ఈతగాళ్లను పిలవండి.

మీరు నేర్చుకున్నది

• అలలు గాలివల్ల పుడతాయి. ఆ గాలి మీ తీరంలోనే వీయనక్కరలేదు.
• ఎక్కువ ఆవర్తన కాలం ఉన్న అలలు వేగంగా ప్రయాణించి ముందుగా చేరతాయి.
• సూచనలో అల ఎత్తు, ఆవర్తన కాలం, దిశ, దగ్గరి గాలి అనే నాలుగింటినీ కలిపి చదవాలి.
• అల విరిగే తీరును అడుగు ఆకారం నిర్ణయిస్తుంది.
• ఆకాశం ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన సముద్రం ప్రశాంతంగా ఉందని కాదు.

పాఠాంత ప్రశ్నలు

1. అరుగం బేకు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు మంచి అలలు ఎందుకు వస్తాయి? గాలిని, అలలను రెండింటినీ దృష్టిలో ఉంచుకొని రాయండి.
2. రీఫ్ బ్రేక్‌కు, బీచ్ బ్రేక్‌కు గల తేడాలను తెలపండి.
3. మీరు తీరప్రాంతంలో ఉంటే, ఒక వారంపాటు రోజూ ఉదయం పది అలలు దాటడానికి పట్టే సమయాన్ని కొలిచి, పదితో భాగించి, ఆవర్తన కాలాన్ని నమోదు చేయండి. అది ఏ రోజు పెరిగిందో గుర్తించండి. మీ ఊరి మత్స్యకారులు ఆ రోజు సముద్రం గురించి ఏమన్నారో పక్కన రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

ప్రశ్నలు 1: (1) గాలి వేగం, వీచిన సమయం, అడ్డు లేకుండా వీచిన దూరం. (2) గాలి అలలు దగ్గరి గాలివల్ల అప్పటికప్పుడు లేస్తాయి. దూరపు అలలు వేరేచోట పుట్టి ప్రయాణించి వస్తాయి. (3) సరైనది కాదు. ప్రయాణించేది శక్తి.

ప్రశ్నలు 2: (1) వేగం 14 × 2.8 = 39.2 కి.మీ.; సమయం 3,920 ÷ 39.2 = 100 గంటలు. (2) 17 సెకన్ల అలలు.

ప్రశ్నలు 3: (1) లోతు తక్కువ ఉన్న వైపు అల నెమ్మదించడం. (2) ఎత్తు మారకపోయినా ఆవర్తన కాలం రెట్టింపు అయింది. అలల గుంపుల మధ్య నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. (3) ఆగ్నేయం నుంచి.